అన్న పేరు మీద ఉన్న నంబరు

మా వదినె డబ్బా ఫోను బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. కొన్నాళ్ళు ఆమె దానికి రబ్బరు బ్యాండు వేసి నడిపింది. తర్వాత రబ్బరు బ్యాండుకు కూడా లొంగలేదు. పొద్దంతా పెట్టిన చార్జింగు పొయ్యి మీద అన్నం ఉడికేలోపు దిగిపోయేది. బ్యాటరీ కోసం కొత్తకోటలో తిరిగితే ఆ రకం రావడం ఎప్పుడో ఆగిపోయిందన్నారు. అందుకని నేను ఉండే వనపర్తిలో కొత్త ఫోను కొని, ఆదివారం పూట వదినె ఊరు పెద్దమందడికి బస్సెక్కాను. ఫోను మార్చడమంటే పాతదాంట్లోంచి సిమ్ము తీసి కొత్తదాంట్లో వేయడమే కదా, అంతకు మించి ఏముంటుందనుకున్నాను.

ఆ సిమ్ములో ఉన్న నంబరు సంగతి ముందు చెప్పాలి.

మా అన్న చదువుకోలేదు. అంకెలు మాత్రం గుర్తుపట్టేవాడు. ఏటా కోతలయ్యాక గుంపుమేస్త్రి వెంట పనికి పోయేవాడు. మా పాలమూరు కూలీలను జట్టుగా కట్టి, రోడ్ల పనులకూ కాల్వల పనులకూ దూర రాష్ట్రాలకు తోలుకుపోయే మనిషే గుంపుమేస్త్రి. పనికి పోయినవాళ్ళకు సిమ్ములు కూడా ఆయనే ఇచ్చేవాడు. అన్న తన సొంత సిమ్మును తీసి వదినె ఫోనులో వేసి, మేస్త్రి ఇచ్చిన సిమ్ముతో రైలెక్కేవాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన నంబరు ఇంట్లోనే ఉండాలని ఆయన లెక్క. ఆయనకు నోటికి వచ్చిన నంబరు కూడా అదొక్కటే.

వాళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నది తక్కువ. కూలిజనం అందరిలాగే రింగులతో కబురు పంపుకునేవాళ్ళు. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే, బాగున్నాను, ఏం లేదు అని. రెండు రింగులైతే, మాట్లాడేది ఉంది, నువ్వే చెయ్యి అని. పొద్దుగూకే వేళ వదినె జొన్నరొట్టెలు తడుతుంటే గూట్లో ఫోను ఒక్కసారి మోగి ఆగేది. ఆమె పిండి చేతులతోనే అటు చూసి "ఉన్నడు" అనేది. మళ్ళీ రొట్టె తట్టేది. భార్యాభర్తల మధ్య అంత పొదుపైన సంభాషణ నేను ఇంకెక్కడా వినలేదు.

ఒక ఏడాది గుంపు తిరిగి వచ్చేటప్పుడు, దారిలో ఒక పెద్ద స్టేషనులో అన్న నీళ్ళ సీసా పట్టుకొని దిగాడు. రైలు కదిలింది. అన్న ఎక్కలేదు. ఆయన సంచి మాత్రం ఇంటికి చేరింది. సంచిలో ఆయన బట్టలు, మేస్త్రి సిమ్ము ఉన్న ఫోను. మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మేము ఆ స్టేషనుకు పోయాం. పోలీసులకు కాగితం ఇచ్చాం. దవాఖానలు తిరిగాం. ఫొటో చూపించి అడగని చాయ్ బండి లేదు. ఇదంతా జరిగి ఎనిమిదేళ్ళు దాటింది.

అన్న ఎక్కడైనా ఉంటే, ఎవరి చేతిలోని ఫోనునో బతిమాలి అడుక్కుంటే, ఆయన కొట్టగలిగింది ఆ ఒక్క నంబరే. కాబట్టి వదినె నాట్లకు పోయినా, పత్తి ఏరబోయినా ఆ ఫోనును కొంగున ముడేసుకునే పోయేది. అందులో బ్యాలెన్స్ ఎన్నడూ అయిపోనివ్వలేదు. ఆ నంబరు ఆ ఇంట్లో మోగాలి. ఆమెకు అంతకన్నా కావలసింది ఏదీ లేదు.

ఆ ఆదివారం నేను పాత ఫోనులోంచి సిమ్ము తీసి, కొత్త ఫోనుతో పాటు ఆమె చేతిలో పెట్టి, మంచినీళ్ళ కోసం లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి కొత్త ఫోనుకు పసుపు రాసి ఉంది. సిమ్ముకు కూడా పసుపు నీళ్ళు అద్ది, నడిమధ్య కుంకుమ చుక్క పెట్టింది. మా వైపు కొత్త కుండ అయినా, కొత్త సైకిలైనా, కొత్త ట్రాక్టరైనా బొట్టు పెట్టకుండా వాడరు.

"వదినే, ఏం జేస్తివి? దానికి బొట్లేంది?"

"మీ అన్న పేరు మీదున్నది గద పిల్లా. ఊకెనే ఎట్ల పెడ్తం?"

"సిమ్ముకు గూడ పూజలా?"

"నీకు అన్నిట్ల తప్పే కనబడ్తది. మంచిగ మోగాలె అని పెట్టిన. ఉండు, తుడుస్త తియ్యి." కొంగుతో తుడిచింది. నాకు యాభై దాటాయి. అయినా ఆమెకు నేను పిల్లనే.

తీరా పెట్టబోతే కొత్త ఫోనులో సిమ్ము అర చిన్నది, పాత సిమ్ము పెద్దది. ఇద్దరం ఆటో ఎక్కి కొత్తకోట పోయాం. హైవే పక్కన లారీల మెకానిక్కుల నడుమ ఒక మొబైల్ దుకాణం ఉంది. దుకాణదారు సిమ్మును చేతి మిషన్‌లో పెట్టి, కాగితానికి బెజ్జం కొట్టినట్టు టక్కున కోసి చిన్నది చేశాడు. ఫోనులో వేశాడు. తెర మీద 'సిమ్ లేదు' అని వచ్చింది. తీశాడు, రబ్బరుతో రుద్దాడు, మళ్ళీ వేశాడు. ఫోను ఆపి మళ్ళీ పెట్టాడు. రెండో అరలో వేశాడు. అదే మాట.

నేను నా పద్ధతి మొదలుపెట్టాను. నా సిమ్ము తీసి ఆ కొత్త ఫోనులో వేస్తే సిగ్నల్ వచ్చింది. వదినె సిమ్ము నా ఫోనులో వేస్తే రాలేదు. అంటే ఫోను మంచిదే, సిమ్ములోనే లోపం. దుకాణదారు ఎవరిదో బ్యాటరీ అడిగి పట్టుకొచ్చి, సిమ్ముకు ప్లాస్టిక్ చట్రం తొడిగి, పాత ఫోనులో కూడా వేసి చూశాడు. రాలేదు.

"మేడం, దీని పని అయిపోయింది. చానా పాతది గద. కంపెనీ షాపుకు పోండ్రి. కొత్త సిమ్ము ఇస్తరు, నంబరు గిదే వస్తది. పరేషాన్ గాకుండ్రి."

తిరుగు ఆటోలో నేను వదినె మీద విరుచుకుపడ్డాను. పసుపు నీళ్ళ గురించి, బుద్ధి లేని అలవాట్ల గురించి, తరాలు గడిచినా మారని జనం గురించి. ఆమె కోసిన ముక్కను గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. పసుపు తడికి పోయిందో, మిషన్ కాటుకు పోయిందో, అంతకు ముందే అరిగిపోయిందో నేను ఆనాడు పరీక్షించలేదు. కోయకముందు వేసి చూసి ఉంటే తెలిసేది. ఈనాటికీ నాకు తెలియదు.

మర్నాడు వనపర్తిలోని కంపెనీ షాపుకు పోయాం. కౌంటర్లో ఒక యువతి నంబరు కొట్టి, తెర మీద కనబడిన పేరు చదివింది. మా అన్న పేరు. మా ఇంట్లో ఆ పేరు పలికితే చాలు, ఎవరో ఒకరు లేచి బయటికి పోతారు. ఆ అమ్మాయి బస్సు బోర్డు చదివినట్టు చదివింది.

"సార్ రాలేదా అమ్మా? సార్ వచ్చి థంబ్ పెట్టాలె, ఫొటో దిగాలె."

"ఆయన లేడు బిడ్డా," అంది వదినె.

"అయ్యో, సారీ అమ్మా. మరి డెత్ సర్టిఫికెట్ తెచ్చిండ్రా? అదుంటే నంబరు నీ పేరు మీదికి మారుస్తం."

"సచ్చిపోలే! లేడు అంటున్న. ఇంట్ల లేడు."

"మరి ఎప్పుడొస్తడు?"

"గది తెలిస్తె నీ దగ్గర్కి ఎందుకొస్త?"

వెనక వరసలో ఉన్న ఒకాయన నవ్వాడు. "అమ్మా, జర జల్ది తేల్చుండ్రి. మనిషి ఉన్నడా, లేడా? మాక్కూడ పనులున్నయి."

ఉన్నాడా, లేడా. ఎనిమిదేళ్ళుగా మా ఇంటి నడుమ కూర్చున్న ప్రశ్నను ఆయన వరసలో నిలబడి అంత సులువుగా అడిగేశాడు. కౌంటర్ అమ్మాయిది తప్పు కాదు. బతికినవాడైతే మనిషి రావాలి, చనిపోయినవాడైతే కాగితం రావాలి. ఆమె కంప్యూటర్లో మూడో మీట లేదు.

నేను ఊరుకోలేదు. వారం రోజులు కస్టమర్ కేర్‌తో యుద్ధం చేశాను. తెలుగు కోసం ఫలానా మీట నొక్కమంటుంది ఒక గొంతు. నొక్కితే, దయచేసి మీ రిజిస్టర్డ్ నంబరు నుంచే కాల్ చేయండి అంటుంది. ఆ నంబరు పనిచేయడం లేదనే కదా తల్లీ నేను మొత్తుకునేది! ఒకసారి మనిషి దొరికాడు. ఓటీపీ పంపానన్నాడు. ఎక్కడికి పంపావయ్యా అంటే ఆ నంబరుకే పంపానన్నాడు. పోలీసులకు ఇచ్చిన కాగితం నకలు తీసుకుపోయి షాపులో చూపిస్తే, తప్పిపోయిన మనిషి కాగితానికి సిమ్ము ఇచ్చే నిబంధన లేదన్నారు.

నాకు మండింది ఆ కంపెనీ మీద కాదు. పెద్దమందడిలో వదినె వాడకట్టులో అడిగి చూశాను. ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న ఫోన్లన్నీ మగవాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి. మొగుడు, కొడుకు, మరిది, ఆఖరికి గుంపుమేస్త్రి. పొలం పట్టా ఆడదాని పేరున ఉండాలని మేము సభల్లో గొంతులు చించుకున్నాం. వేలెడంత లేని సిమ్ముముక్క దగ్గర కూడా ఆమె పేరు లేదు. దానికి బ్యాలెన్స్ వేయించేది ఆమె, కొంగున మోసేది ఆమె, రాత్రీ పగలూ చెవి పెట్టుకుని ఉండేది ఆమె. దానికి హక్కుదారు మాత్రం ఎక్కడో తెలియని మగవాడు. ఆయన నా అన్నే అయినా సరే, ఈ మాట రాయక తప్పదు.

చివరికి దారి ఒక్కటే మిగిలింది. వనపర్తి బస్టాండులో చాయ్ తాగుతూ వదినెకు చెప్పాను. ఏడేళ్ళు ఏ కబురూ లేని మనిషిని చనిపోయినట్టు భావించమని కోర్టును అడగవచ్చు. ఆ కాగితం వస్తే షాపులో అదే నంబరు ఆమె పేరు మీదికి వస్తుంది.

"కాయితమే వదినే. కాయితం మీద రాసినంత మాత్రాన మనిషి సావడు. మనకు నంబరు గావాలె, అంతే."

ఆమె చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆమె ఏం తలుచుకుంటోందో నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట కులపెద్దలూ, ఆమె సొంత అన్నదమ్ములూ కూడి, ఇంక రాడు కాబట్టి గడ్డిబొమ్మ చేసి దహనం చేద్దామన్నారు. తప్పిపోయినవాడికి అది మా వైపు ఆచారం. బొమ్మకు స్నానం పోసి, పాడె కట్టి, కాల్చి, పెళ్ళాం బొట్టు తుడిచి, దినం చేస్తారు. నేను పోయి వాళ్ళతో పోట్లాడాను. శవం ఏది, రుజువు ఏది, రుజువు లేని చావుకు దినమేమిటని నిలదీశాను. దేవుడు లేడని ఊరూరా చెప్పుకు తిరిగేదానికి చావుతో పనేంటని ఒక పెద్దమనిషి వెక్కిరించాడు. అయినా ఆ రోజు బొమ్మ కట్టలేదు. వదినె బొట్టు అలాగే ఉంది. ఒంటరి ఆడవాళ్ళ పింఛను రాయించుకొమ్మని ఎవరో చెప్తే, నేను ఒంటరిదాన్ని ఎట్లయిత అని వాళ్ళను తిట్టి పంపింది.

"పిల్లా," అంది చివరికి, "ఆ నాడు గడ్డిబొమ్మ వద్దంటివి. రుజువు లేకుంటె సావు ఎట్లయితదని నువ్వే అడిగితివి. మరి ఇది కాయితంబొమ్మ గాదా?"

"అది వేరు, ఇది వేరు. ఆ బొమ్మ కాలిస్తె ఆయన ఫోన్ రాదు. ఈ కాయితమిస్తె వస్తది."

"వచ్చిందే అనుకో. నేనెత్తుత. ఏం జెప్పాలె? నువ్వు సచ్చినవని రాసిచ్చి నీ నంబరు తెచ్చుకున్న అని జెప్పాల్నా?"

నేను ఎన్నో వాదాల్లో కూర్చున్నదాన్ని. ఎదుటివాడి మాటలో పొరపాటు ఎక్కడుందో వెతకడం నాకు అలవాటు. ఆ మాటలో వెతికాను. దొరకలేదు. చాయ్ మీద మీగడ కట్టింది.

వదినె తన సొంత పేరు మీద కొత్త సిమ్ము తీసుకుంది. పత్తి ఏరి ఏరి అరిగిన వేలిని ఆ మిషన్ ఒక పట్టాన గుర్తించలేదు. తడిపి, తుడిచి, వేలు మార్చి పెడితే చివరికి గుర్తించింది. కొత్త నంబరు కొత్త ఫోనులో మోగింది. ఆ నంబరు అన్నకు తెలియదు.

పాత నంబరుకు మాత్రం ఆమె బ్యాలెన్స్ వేయించడం మానలేదు. ఏ ఫోనులోనూ లేని నంబరుకు బ్యాలెన్స్ ఏందమ్మా అని ఊరి దుకాణంలో నవ్వారట. ఆమె చెప్పిన జవాబు నాకు కూడా చెప్పింది.

"స్విచాఫ్ అని వస్తె మల్ల జేస్తడు. అసలు నంబరే లేదని వస్తె ఇంక చెయ్యడు గద."

వనపర్తిలో నేను కూడా పొద్దున్నే చాయ్ పెట్టుకుని ఆ నంబరు కొట్టేదాన్ని. స్విచ్ ఆఫ్ అన్న గొంతు వినగానే పెట్టేసేదాన్ని. ఏ ఫలితమూ లేని పనిని రోజూ ఒకే వేళకు చేయడాన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు. అయినా చేశాను.

ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూలులో ఒక కాలేజీలో మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి పిలిచారు. రుజువు లేనిది నమ్మకండి అని చెప్పి కూర్చున్నాను. ఒక విద్యార్థిని లేచి, మేడం, రుజువు కోసం ఎంతకాలం ఎదురుచూడాలి అని అడిగింది. చప్పట్లు కొట్టించే జవాబులు నా దగ్గర ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, తెలియదమ్మా అన్నాను. పిల్లలు నా వినయం చూసి చప్పట్లు కొట్టారు.

తర్వాత ఒక పొద్దున ఆ గొంతు మారింది. మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు అంది. అదే రోజు ఊరి దుకాణంలో బ్యాలెన్స్ పడలేదట. వాడకం లేని నంబరును కంపెనీ తీసేసింది. సాయంత్రం నేను పోయేసరికి వదినె అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. ఏడవలేదు. "ఇంక ఆయనకు మనమే తెల్వకపోతిమి," అంది. అన్న తప్పిపోయాడని ఇన్నాళ్ళూ మేము అనుకున్నాం. ఇప్పుడు ఆయన దిక్కు నుంచి చూస్తే తప్పిపోయింది ఇల్లు.

వానలు పడ్డాయి. ఒక ఆదివారం నేను అక్కడే ఉండగా, వదినె చేతి అలవాటు కొద్దీ ఆ పాత నంబరు కొట్టింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నా చెయ్యి పట్టుకు లాగింది. "పిల్లా, మోగుతుంది," అంది. నేను చెవి ఆనించాను. నిజమే, మోగుతోంది. మొదటి రింగు, రెండో రింగు. ఆ కొద్దిసేపు నేను ఏం నమ్మానో ఇక్కడ రాయను.

"హలో, ఎవురు?" ఆడగొంతు, చిన్న వయసు. వెనక చాలామంది ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"నువ్వెవరు బిడ్డా?"

"గద్వాల దిక్కు అక్కా. సీడుపత్తి క్రాసింగు పనిల ఉన్న. విత్తనాలకు మొగపూలు తెంపి ఆడపూలకు రుద్దుతున్నం. మీరెవురు?"

"ఈ నంబరు నీకెవరిచ్చిండ్రు?"

"మా ఇంటాయన తెచ్చిచ్చిండు. ఏమైతదక్కా?"

"మా ఇంటాయన నంబరు బిడ్డా ఇది."

"హౌదా?" అంది, అవునా అనడానికి కన్నడం కలిపి. "నాకేం తెల్వదక్కా. షాపుల గిదే ఇచ్చిండ్రంట. మల్ల వాపస్ అడుగుతరా?"

"అడగ బిడ్డా. నీ దగ్గర్నే ఉండని. ఒక్క మాట ఇను."

వదినె స్టేషనూ, నీళ్ళ సీసా, ఒక్క రింగూ అన్నీ చెప్పింది. అవతల ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. అందరూ వింటున్నట్టున్నారు.

"అక్కా, మస్తు ఫోన్లొస్తయి. లోను గావాల్నా అంటరు, ప్లాట్లు గావాల్నా అంటరు. నేను యాడ కొనాలె ప్లాట్లు? మిస్డ్ కాలైతే నేను మల్ల చెయ్యను."

"నువ్వు చెయ్యకు. ఆ నంబరు నాకు జెప్పు, నేను జేస్త."

ఆ పిల్ల కాస్త ఆలోచించింది. "అట్లైతే ఆదివారం ఆదివారం నీకు రింగిస్త. ఎవురూ చెయ్యకుంటే ఒక్క రింగు. చేసింటే రెండు, అప్పుడు నువ్వే చెయ్యి. సరేనా?"

ఆ పద్ధతి ఆమెకు మేము నేర్పలేదు. ఆమె వాళ్ళూ కూలిజనమే. నేను ఫోను తీసుకుని, సిమ్ము ఎవరి పేరు మీద ఉందమ్మా అని అడిగాను.

"మా ఇంటాయన పేరు మీద. ఎందుకక్కా?"

"నీ పేరు మీదికి మార్చుకో తల్లీ."

నవ్వింది. "ఎవురి పేరైతే ఏమక్కా, మోగితే సాలు గద."

ఆమె మాట తప్పలేదు. కొన్ని ఆదివారాలు రెండు రింగులు వచ్చాయి. ఆమె చెప్పిన నంబర్లు నేను రాసుకుని ఫోను చేశాను. ఒకటి రాయచూరు నుంచి ఎరువుల దుకాణం. ఒకటి హిందీలో మాట్లాడే లారీ డ్రైవరు, పొరపాటున కలిసిందన్నాడు. వదినె వదలక, మీ పక్కన ఎవరన్నా తెలుగాయన ఉన్నాడేమో అడగమంది. అడిగాను. ఆయన నిజంగానే ఎవరినో పిలిచి అడిగి, లేడు బెహెన్ అన్నాడు. ఇంకొకటి ఎత్తి, ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. ఆ నంబరుకు వదినె వారమంతా చేసింది. చివరికి ఒక ముసలావిడ ఎత్తి బూతులు తిట్టింది.

ఆశకు రుజువు అక్కరలేదని నేను రాయను. రాస్తే అబద్ధమవుతుంది. మా అన్న బతికి ఉండే అవకాశం ఎంత తక్కువో నాకు తెలుసు. వదినెకు కూడా తెలుసు. కాకపోతే ఆయన చావు కాగితం మీద ఆమె సంతకం పెట్టదు. ఆమెతో పెట్టించే హక్కు నాకు లేదు.

మొన్న ఆదివారం పొద్దుగూకే వేళ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వదినె పొయ్యి ముందు రొట్టెలు తడుతోంది. గూట్లో ఫోను వెలిగింది. తెర మీద అన్న నంబరు. ఒక్కసారి మోగి ఆగింది. ఆమె పిండి చేతులు ఆపి, ఇంకో రింగు వస్తుందేమోనని అటే చూసింది. పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది.

"ఏం లేదంట," అని రొట్టె తిప్పింది.